లెక్కకెక్కిన వలస, లెక్కకెక్కని వలస

2020 మార్చి నాటికి సంగారెడ్డి పక్కన కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రహరీ లోపల రెండు రకాల జనం ఉండేవారు. ఒకరు చదువుకునేవారు, ఇంకొకరు ఆ చదువుకునేవారి కోసం కొత్త భవనాలు కట్టేవారు. కరోనా భయం మొదలవగానే విద్యార్థులు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు పోయారు. జార్ఖండ్, బిహార్, ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన దాదాపు 2,400 మంది కూలీలు మాత్రం అక్కడే ఉండిపోయారు. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనబడి, అర్ధరాత్రి నుంచి దేశమంతా బంద్ అని చెప్పాక పోదామన్నా దారి లేకుండా పోయింది. నాలుగు గంటల వ్యవధిలో జార్ఖండ్ ఎవరు చేరగలరు?

సరిగ్గా అవే వారాల్లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చదువుతున్న చైనా విద్యార్థులూ ఇంటి దారి వెతుక్కుంటున్నారు. ఆ ఏప్రిల్ మొదట్లో చైనా విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం విదేశాల్లో ఆ దేశపు విద్యార్థులు 16 లక్షలు. వాళ్లలో 14 లక్షల మందికి పైగా అప్పటికి వెళ్లిన చోటే ఉన్నారు. ఒక్క అమెరికాలోనే 2019-20లో 3,72,532 మంది చైనావాళ్లు చదువుతున్నారు. మన దేశం పిల్లలు 1,93,124 మంది.

డాలర్లలో ఫీజు కట్టే షాంఘై పిల్లకీ, రోజు కూలీకి సెంట్రింగ్ పలకలు మోసే జార్ఖండ్ కుర్రాడికీ పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. డబ్బులో అయితే పోలికే లేదు, ఆ మాట ఒక్క వాక్యంలో అయిపోతుంది. నేను పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నది వేరు. సొంత ఊరికి దూరంగా ఉన్న మనిషికి ఆపద వస్తే ఏ సర్కారుకు అతని పేరు తెలుసు, తెలిస్తే ఏం చేసింది, తెలియకపోతే ఏం చేసింది అన్నది. అలా చూస్తే ఈ ఇద్దరూ అనుకున్నదాని కంటే దగ్గరగా నిలబడతారు. ఒక్క చోట మాత్రం బాగా దూరమవుతారు.

ముందు దగ్గరి సంగతి. మార్చి 10న హార్వర్డ్ తన విద్యార్థులకు ఐదు రోజుల గడువిచ్చి హాస్టళ్లు ఖాళీ చేయమంది. పోలేనివాళ్లు అర్జీ పెట్టుకుంటే ఉండనిచ్చింది. పోదామంటే చైనా తన తలుపు సగం మూసేసింది. మార్చి 29 నుంచి ఒక్కో చైనా విమాన సంస్థ ఒక్కో దేశానికి ఒకే దారిలో, వారానికి ఒకే విమానం నడపాలని హుకుం. బయటి దేశాల సంస్థలకూ అదే కట్టడి. టికెట్ ధర ఆకాశానికి ఎక్కింది. దొరికినవాళ్లు తెల్లటి రక్షణ సూట్లు, కళ్లద్దాలు, రెండేసి మాస్కులు తొడుక్కుని ఎక్కారు. గంటల తరబడి అన్నం తినకుండా, మరుగుదొడ్డికి లేవకుండా కూర్చుని వెళ్లినవాళ్లున్నారు. దిగాక 14 రోజులు హోటల్ గదిలో క్వారంటైన్, చాలాచోట్ల ఆ ఖర్చూ సొంతమే.

ఇంతా చేసి దిగితే సొంత జనమే తిట్టారు. ఊరు బాగుచేసేటప్పుడు కనబడలేదు గానీ, వేల మైళ్ల నుంచి విషం మోసుకురావడంలో మాత్రం అందరికంటే ముందున్నారన్న అర్థంలో ఒక ఎద్దేవా ఆ వసంతంలో చైనా సోషల్ మీడియా అంతా తిరిగింది. అంతకు రెండు నెలల ముందు ఇదే పిల్లలు లండన్, న్యూయార్క్ వీధుల్లో మాస్కు పెట్టుకున్నందుకు తిట్లు తిన్నారు. అక్కడ చైనావాళ్లని, సొంత దేశంలో విదేశం నుంచి వచ్చినవాళ్లని.

మనకు ఇది వింతేమీ కాదు. ఆ మార్చిలో తెలంగాణ పల్లెల్లో పొలిమేర దగ్గర ముళ్లకంప వేసి దారులు మూసిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. విదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతుల మీద ముద్రలు వేశారు. దుబాయ్ నుంచి అల్లుడొస్తే ఎదురుపోయి కార్లో తెచ్చుకునే ఊళ్లే, అదే అల్లుణ్ని ఊరి బయట ఆపాయి. భయానికి దేశం లేదు, చదువూ లేదు.

ఇంకో పోలిక దీనికంటే గట్టిది. చైనా సర్కారు తన రాయబార కార్యాలయాల ద్వారా విద్యార్థులకు ఆరోగ్య సంచులు పంచింది. అందులో మాస్కులు, చేతులు తుడుచుకునే మందు కాగితాలు, లియన్‌హువా అనే మూలికల గుళికలు. అలాంటివి ఐదు లక్షలకు పైగా పంపామని అధికారులు చెప్పారు. ఇక్కడ మార్చి 29న ముఖ్యమంత్రి కేసీఆర్ వలస కార్మికులు తెలంగాణ అభివృద్ధిలో భాగస్వాములని, మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. మాటగా చూస్తే అది ఆ రోజుల్లో దేశంలో ఏ ముఖ్యమంత్రి అన్నదానికీ తక్కువ కాదు. ఆ వారమే ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మోరిసన్, ఖర్చులు భరించలేని విదేశీ విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోవాలని సెలవిచ్చాడు. ఫీజులు తీసుకున్న దేశం పొమ్మంటే, చెమట తీసుకున్న రాష్ట్రం ఉండమంది.

అయితే ఆ సంచిలోనూ ఈ బియ్యంలోనూ దాగిన మాట ఒక్కటే: ఉన్నచోటే ఉండు. చైనా మాస్కులిచ్చింది, కొద్దిమందికి తప్ప విమానం ఇవ్వలేదు. తెలంగాణ బియ్యమిచ్చింది, రైలు ఇవ్వలేదు. దయ లేదని నేననను. ఆ దయలో కొంత కట్టడి కలిసి ఉంది. పైగా బియ్యంతో కడుపు నిండుతుంది గానీ, నెలనెలా ఊరికి పైసలు పంపాల్సినవాడికి చేతికి జీతం రావాలి. కంది కూలీల మొదటి ఫిర్యాదు అదే. పని ఆగింది, జీతం రాలేదు, ఇంటికి పంపరు.

ఏప్రిల్ 29, బుధవారం. ఐదు వారాలు ఓపిక పట్టిన జనం షెడ్లలోంచి బయటికొచ్చారు. ఇంటికి పంపమన్నారు. పోలీసులు సర్దిచెప్పబోతే మాటా మాటా పెరిగింది, రాళ్లు లేచాయి. పోలీసు వాహనం దెబ్బతింది, పోలీసులకు గాయాలయ్యాయి. ఆ పోలీసులూ వారాలుగా ఇంటి ముఖం చూడనివాళ్లే అయ్యుంటారు కాబట్టి ఆ రాళ్లను నేను మెచ్చుకోలేను. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. కలెక్టర్ హనుమంతరావు వచ్చి మాట్లాడారు, జీతాలిప్పిస్తామన్నారు. చిక్కుకుపోయినవాళ్లను సొంత రాష్ట్రాలకు పంపవచ్చని కేంద్ర హోంశాఖ అదే రోజు ఉత్తర్వు ఇచ్చింది, కాకపోతే అది బస్సులకే. జార్ఖండ్‌కు బస్సుల్లో పోవడమంటే మాటలా? మే 1 తెల్లవారకముందే కంది నుంచి ఆర్టీసీ బస్సుల్లో లింగంపల్లి స్టేషన్‌కు చేర్చి 24 పెట్టెల రైలెక్కించారు. 72 మంది పట్టే పెట్టెలో 54 మంది చొప్పున దాదాపు 1,200 మంది. లాక్‌డౌన్ తర్వాత దేశంలో వలస కూలీలతో కదిలిన మొదటి రైలు అది. శ్రామిక్ రైళ్లు నడుపుతామన్న ప్రకటన జనానికి తెలిసేలోపే అది దారిలో ఉంది. ఆ రాత్రే రాంచీ దగ్గర హటియా స్టేషన్‌లో దిగితే అధికారులు గులాబీలూ అన్నం పొట్లాలూ చేతికిచ్చి, పరీక్షలు చేసి, సొంత జిల్లాల బస్సులెక్కించారు.

ఐదు వారాలు సాధ్యం కాని పని రెండు రోజుల్లో అయిపోయింది. ఇక్కడే ఈ ఇద్దరు వలసదారులూ విడిపోతారు. చైనా విద్యార్థి ఎంత ఇబ్బంది పడ్డా కాగితం మీద ఉన్నాడు. అతని పాస్‌పోర్టు నంబరు బీజింగ్‌కు తెలుసు, వీసా నంబరు వాషింగ్టన్‌కు తెలుసు, విశ్వవిద్యాలయం దగ్గర ఈమెయిలూ ఫీజు రసీదూ ఉన్నాయి. కాదన్నా అవునన్నా అతనికి ఒక జవాబు వస్తుంది. కంది కూలీకి జవాబు చెప్పాల్సినవాడు ఎవరు? ఊళ్లో తోలుకొచ్చిన సర్దారు ఒకడు, ఆ సర్దారుకు పని ఇచ్చిన చిన్న గుత్తేదారు ఇంకొకడు, అతని పైన పెద్ద కంపెనీ, ఆ పైన సంస్థ, ఆ పైన కేంద్ర సర్కారు. ఇన్ని మెట్లలో ఎవరినడిగినా పై మెట్టునో కింది మెట్టునో చూపిస్తారు. రైలెక్కించాలంటే పేర్లు కావాలి కాబట్టి చివరికి పేర్లు రాసుకున్నారు. రాయి లేచాక గానీ ఆ రాత జరగలేదు.

కాగితం మీద ఉండడమే క్షేమమని దీన్నిబట్టి తేల్చేస్తే మాత్రం తప్పు. అదే ఏడాది జులై 6న అమెరికా వలస విభాగం, పూర్తిగా ఆన్‌లైన్ చదువులున్న విదేశీ విద్యార్థులు దేశం విడిచి పోవాలంది. ఏ నంబరు వాళ్లను కాపాడిందో అదే నంబరుతో వెతికి పంపగలిగే ఏర్పాటు. పోదామంటే చైనాకు విమానాలు అరుదు, ఉందామంటే వీసా లేదు. రెండు రోజుల్లో హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి, జులై 14న సర్కారు వెనక్కి తగ్గింది. ఈ కథను మన పత్రికలు విద్య గెలుపుగా రాశాయి. నాకు అందులో ఫీజు గెలుపు కూడా కనబడింది. విదేశీ విద్యార్థి వెళ్లిపోతే విశ్వవిద్యాలయానికి నష్టం, అందుకే ఉంచడానికి పోరాడింది. అదే ఏడాది మేలో కర్ణాటకలో బిల్డర్లు ముఖ్యమంత్రిని కలిసి వచ్చాక సర్కారు కూలీల రైళ్లు రద్దు చేయించింది. గొడవయ్యాక మళ్లీ నడిపారు. ఆ కూలీ వెళ్లిపోయినా బిల్డరుకు నష్టమే. అందుకే అతనూ ఉంచడానికి పోరాడాడు! యజమాని నష్టానికి జడిసి చేసిన పని విద్యార్థికి రక్ష అయింది, కూలీకి సంకెల అయింది. ఈ తేడాకు కారణం డబ్బొక్కటే అంటే నాకు తృప్తిగా లేదు. విద్యార్థి ఉండాలనుకుంటున్నాడు, కూలీ పోవాలనుకుంటున్నాడు. ఆ విద్యార్థిని అడిగారు, ఈ కూలీని అడగలేదు.

చదువుకునేవాడికి దొరికే మర్యాద మన దేశం లోపల కూడా వేరే. రాజస్థాన్ కోటాలో కోచింగ్ తీసుకుంటున్న పిల్లల కోసం ఉత్తరప్రదేశ్ సర్కారు ఏప్రిల్ మధ్యలోనే వందల బస్సులు పంపింది. అప్పటికి అదే రాష్ట్రపు కూలీలు రోడ్ల మీద నడుస్తున్నారు. మన మేడ్చల్ దారిలో నాగపూర్ వైపు నడిచిన వరసలను చూసినవాళ్లకు ఇది గుర్తుంటుంది. ఇంకో విశేషం, మే 1న ప్రకటించిన మొదటి ఆరు శ్రామిక్ రైళ్లలో ఒకటి కోటా నుంచి బయల్దేరిన విద్యార్థుల రైలు. అది చేరింది కూడా హటియాకే, కంది రైలు వచ్చిన మర్నాడు. ఒకే స్టేషన్‌లో ఒక రోజు తేడాతో ఐఐటీ కట్టేవాళ్లూ, ఐఐటీలో సీటు కోసం చదివేవాళ్లూ దిగారు. పిల్లలు రాయి ఎత్తాల్సిన అవసరం రాలేదు.

ఈ పోలికలో మన పిల్లలకూ ఒక చోటుంది. అప్పట్లో చైనాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు దాదాపు 23 వేల మంది, ఎక్కువమంది వైద్య విద్యార్థులే. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. సంగారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2022 నవంబరులో. అంతకుముందు ఇక్కడి మధ్యతరగతి ఇంట్లో నీట్ ర్యాంకు కొద్దిలో తప్పితే, ప్రైవేటు సీటు కొనలేక, చైనానో ఫిలిప్పీన్సో ఉక్రెయినో చూసుకునేవారు. 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాళ్లలో చాలామంది చలికాలం సెలవులకు ఇంటికొచ్చారు. ఊహాన్‌లో ఉండిపోయిన 647 మంది భారతీయులను ఎయిర్ ఇండియా రెండు విమానాల్లో తెచ్చింది. దేశంలో తొలి కరోనా కేసు కూడా ఊహాన్ నుంచి వచ్చిన కేరళ వైద్య విద్యార్థినిదే. మార్చి 28న చైనా విదేశీయుల రాకను ఆపేసింది. ఆ తలుపు విద్యార్థులకు మళ్లీ తెరుచుకున్నది 2022 ఆగస్టులో.

ఆ రెండున్నరేళ్ల చదువు ఎలా సాగిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున ఎనిమిది గంటల క్లాసంటే ఇక్కడ ఐదున్నరకే, ఇంట్లోవాళ్లు లేవకముందే ఫోన్ ముందు కూర్చోవాలి. చైనాలో ఉండిపోయి అమెరికా చదువు చదివినవాడిది ఇంకా పెద్ద పాటు. ఎండాకాలంలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం రెండు గంటల క్లాసు బీజింగ్‌లో తెల్లవారుజామున రెండింటికి. అయితే అతని కోసం న్యూయార్క్ విశ్వవిద్యాలయం తన షాంఘై ప్రాంగణం తెరిచింది, కార్నెల్ చైనా కళాశాలలతో మాట్లాడి హాస్టళ్లు ఇప్పించింది. మన పిల్లలకు ఎదురైంది వేరు. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది జవాన్లు చనిపోయారు. జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది, వాటిలో వీచాట్ ఉంది. చైనా కళాశాలలు విద్యార్థులతో మాట్లాడేది దానిలోనే. నవంబరులో ఇంకో 43 యాప్‌లు పోయాయి, వాటిలో క్లాసులు చెప్పుకునే డింగ్‌టాక్ ఉంది. నిషేధం తప్పని వాదించడం నా ఉద్దేశం కాదు, కానీ ఆ జాబితా రాసేటప్పుడు 23 వేల మంది క్లాసు గది దాంట్లోనే ఉందని ఎవరికైనా తట్టిందా అన్నది సందేహం. ఆపైన జాతీయ వైద్య కమిషన్ ఆన్‌లైన్ వైద్యవిద్య చెల్లదంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏదో ఒక దారి చూపమంటే, ఆ జూన్ 30 నాటికి డిగ్రీ పూర్తయినవాళ్లు మన దేశపు అర్హత పరీక్ష రాయవచ్చని, ఒక ఏడాది బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలని కమిషన్ జులైలో తేల్చింది.

ఇంత నష్టపోయినా వాళ్లకు వెళ్లడానికో కోర్టుంది, కలవడానికో ఎంపీ ఉన్నాడు, ధర్నాకు కూర్చుంటే ఫోటో తీసే విలేకరి ఉన్నాడు. అన్నిటికీ మించి చెప్పుకోవడానికి భాష ఉంది. చైనా విద్యార్థులు తమ విమానాల వీడియోలు తీశారు, డైరీలు రాశారు, తిట్టినవాళ్లకు జవాబులు రాశారు. కంది కూలీల గొంతు మనకు ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజు వార్తల్లో వాళ్లు రాళ్లు వేసే గుంపు, రెండు రోజులకు కిటికీలోంచి చేతులూపే గుంపు. గాయకుడు ఆదేశ్ రవి పాట ఆ రోజుల్లో తెలుగువాళ్లను ఏడిపించింది, వలస కూలీ గుండెను తెలుగులో పలికించింది. మంచి పాట. ఆ ఏడాది మన కవులు వలస మీద రాసింది కూడా తక్కువేమీ కాదు. అయినా వాళ్ల బాధ మన భాషలో, మన రాగంలో వస్తేనే మనకు వినబడింది. పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున నిలబడితే చెవిన పడే సాద్రీ, భోజ్‌పురీ, ఒడియా మాటల్లో వాళ్లు ఆ నెలల గురించి ఏం చెప్పుకున్నారో మన సాహిత్యం అడగలేదు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు ఒరిగే గదులు ఆ చౌరస్తా వెనక సందుల్లో ఉన్నాయి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగితే ఆ చాప మీద ఇద్దరూ ఒకేసారి ఎలా పడుకున్నారన్నది నాకు ఏ కథలోనూ కనబడలేదు.

పేరు రాసుకునే చట్టం మనకు లేక కాదు ఇదంతా. ఒడిశా దాదన్ కూలీల అవస్థ చూసి 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. అలాంటి కార్మికులు ఐదుగురు పనిచేసినా చాలు, వర్తించేది. ప్రతి కార్మికుడికీ గుత్తేదారు ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. అందులో పని ఎక్కడ, కూలీ ఎంత, ఊరికి తిరుగు ఛార్జీ ఎంత అన్నది రాయాల్సి ఉండేది. రాకపోకల ఖర్చు గుత్తేదారుదే, ప్రయాణపు రోజులకు కూలీ కూడా కట్టివ్వాల్సి ఉండేది. 2020లో ఆ పాస్‌బుక్ ప్రతివాడి జేబులో ఉండి ఉంటే, కందిలో అడగాల్సింది ఒక్కటే: ఆ చట్టం అమలు. ఆ చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. ఇక లాక్‌డౌన్‌లో ఎందరు వలస కార్మికులు చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్క తమ దగ్గర లేదని కేంద్రం జవాబిచ్చింది. అసంఘటిత కార్మికుల పేర్లు రాసుకునే ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది మరుసటి ఏడాది ఆగస్టులో.

2025 జూన్ 30న పటాన్‌చెరు పక్కన పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. యాభైమందికి పైగా పోయారు, ఎక్కువమంది బయటి రాష్ట్రాలవాళ్లు. పేలినప్పుడు లోపల ఎందరున్నారన్న సంఖ్య మొదటి రోజుల్లో మారుతూ వచ్చింది. ఎవరిది ఏ శరీరమో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చారు, ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. కంది నుంచి పాశమైలారం ఎంతో దూరం లేదు. ఐదేళ్ల కింద రైలెక్కించేటప్పుడు రాసుకోవడం వచ్చిన జిల్లాకు, గేటు దాటి షిఫ్టులోకి పోయే ప్రతి మనిషి పేరూ ఊరూ రోజూ రాయించి, ఆ పుస్తకం నకలు సంగారెడ్డి కార్మిక శాఖ కార్యాలయంలో ఎవరైనా చూసేలా పెట్టించడం చేతకాని పనేమీ కాదు. ఈ సీమ ఎమ్మెల్యేలు, కార్మిక సంఘాలు, పారిశ్రామికవాడల సంఘాలు ముందు ఆ ఒక్కటి అడగాలి.